రోబోకు కాళ్లెందుకు?

2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో రోబోలతో హాఫ్ మారథాన్ పరిగెత్తించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. గెలిచిన రోబోకే 2 గంటల 40 నిమిషాలు పట్టింది, మధ్యలో ఓసారి పడింది, బ్యాటరీలు మార్చాల్సి వచ్చింది. సరదాగానే ఉంది. కానీ చక్రం కనిపెట్టి వేల ఏళ్లయ్యాక మెషీన్‌కి కాళ్లు తగిలించడం దేనికి?

మన మెట్లు, తలుపులు, పనిముట్లు అన్నీ మనిషి కొలతలకే ఉన్నాయి కాబట్టి రోబో కూడా మనలా ఉంటే ఏ పనికైనా పనికొస్తుందంటారు. సబబుగానే ఉంది, అమెరికా గోదాముల్లో 'డిజిట్' అనే రెండు కాళ్ల రోబో డబ్బాలు మోస్తోంది కూడా. డబ్బాలు మోయడానికి కన్వేయర్ బెల్టు ఎప్పటినుంచో ఉందనుకోండి, అది వేరే సంగతి.

అసలు తమాషా 2015లో జరిగింది. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం చూశాక, మనుషులు వెళ్లలేని చోటికి రోబోల్ని పంపాలని అమెరికా సంస్థ డార్పా పోటీ పెట్టింది. బండి నడపాలి, తలుపు తీయాలి, వాల్వు తిప్పాలి, గోడకి కన్నం పెట్టాలి, మెట్లెక్కాలి. రెండు కాళ్లమీద నిలబడ్డవాటిలో కొన్ని తలుపు తీయబోయి తాగినోళ్లలా వెల్లకిలా పడ్డాయి. 20 లక్షల డాలర్ల బహుమతి కొట్టేసింది కొరియా వాళ్ల హ్యూబో. దానికీ కాళ్లున్నాయి, కాకపోతే చదును నేల రాగానే బుద్ధిగా మోకాళ్లమీద కూలబడి, అక్కడ బిగించిన చక్రాలతో దొర్లుకుంటూ పోయింది! మనిషిలా నడవడం మానేసిన చోటే పని సులువైంది.

మన దగ్గర మనుషులు వెళ్లకూడని చోటు ఏదంటే, మ్యాన్‌హోల్. 2013లోనే చట్టం వచ్చింది, అయినా దిగుతూనే ఉన్నారు, విషవాయువులకి చస్తూనే ఉన్నారు. 2023లో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకి పెంచింది, అంటే చావులు ఆగలేదనేగా. తిరువనంతపురం కుర్రాళ్లు చేసిన 'బ్యాండికూట్' రోబో సాలీడులా ఉంటుంది, కాళ్లు చాపి లోపలికి దిగి బురద ఎత్తుకొస్తుంది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లో దూరే చిన్న జెట్టింగ్ బండ్లు, అంటే నీళ్లు జోరుగా చిమ్మి మురుగు కదిలించేవి, తెచ్చింది. వీటి ముందు నిలబడి ఎవరూ సెల్ఫీ దిగరు, మొహం లేదుగా. షేక్‌హ్యాండ్ ఇచ్చే రోబో అయితే మంత్రిగారు కూడా పక్కన నిలబడతారు.

ఓసారి మీ బస్తీలో మ్యాన్‌హోల్ మూత తీయించి చూడండి. భుజాలున్న ఏ రోబో అందులో మసలగలదు? మనిషికే చోటు చాలడం లేదు.