కంప్యూటర్‌లో కావాలని తప్పులు కలుపుతారా? అవును, కలుపుతారు. ఎందుకో చెప్తాను

యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్‌లో, అంటే సర్కారు వడ్లు కొనే కేంద్రంలో, ఆరబోసి ఉన్నప్పుడు వాన పడింది. దేవరకొండ దగ్గరి ఊళ్లో ఉండే మా చిన్నాయన వడ్లు సగం తడిశాయి. ఆ మర్నాడే ఆయన మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. నాకు తెలిసిన రైతుల గ్రూపుల్లో అప్పటికే అది తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది:

"వాతావరణ శాఖ వాళ్లు కంప్యూటర్‌లో కావాలని తప్పుడు అంకెలు కలిపి 21 రకాల జవాబులు తీస్తున్నారు. సీతాకోకచిలుక రెక్క ఊపితే తుపాను పుడుతుందని సైన్సే ఒప్పుకుంది, కాబట్టి రేపటి సంగతి ఎవరూ చెప్పలేరు. 60 శాతం వాన అంటే పడ్డా మాదే మాట, పడకున్నా మాదే మాట అనడం. పెద్ద కంప్యూటర్ కొంటే పోయేదానికి ఈ లెక్కల నాటకం ఎందుకు? మన కార్తెలే నయం."

నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాను. సదిశలు, మాత్రికలు, అంటే వెక్టర్లు, మ్యాట్రిక్సులు, నా సబ్జెక్టు. చిన్నాయన కోపం న్యాయమైనదే. మెసేజ్ మాత్రం తప్పు. ఒక్కో మాటా తీసుకుంటాను.

"కావాలని తప్పుడు అంకెలు కలుపుతున్నారు." కలుపుతున్న మాట నిజం. మన దేశంలో 2018 జూన్ నుంచి నేలను 12 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి వాతావరణాన్ని 21 సార్లు లెక్క వేసే పద్ధతి నడుస్తోంది. దీన్ని ఎన్సెంబుల్ అంటారు. మొదటి లెక్క ఉన్నదున్నట్టు వేస్తారు. మిగతా 20 లెక్కల్లో మొదలుపెట్టే అంకెలను కొద్దికొద్దిగా మారుస్తారు.

ఎందుకంటే, ఉన్నదున్నట్టు అనుకున్న ఆ మొదటి లెక్కలో కూడా తప్పు ముందే ఉంది. గాలి పైపొరల్లో వేడి, తేమ, వేగం కొలిచే బెలూన్ హైదరాబాద్‌లో ఎగురుతుంది. దేవరకొండ మీద, అచ్చంపేట మీద ఆ గంటలో గాలి ఎలా ఉందో శాటిలైట్లను, చుట్టుపక్కల కొలతలను, పాత అంచనాను కలిపి లెక్కగట్టాల్సిందే. అందులో అర డిగ్రీ అటో ఇటో తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా ఎటువైపు ఉందో ఎవరికీ కనపడదు. అందుకే "తప్పు ఈ వైపు ఉంటే ఏమవుతుంది, ఆ వైపు ఉంటే ఏమవుతుంది" అని 20 సార్లు అడిగి చూస్తారు. కొత్తగా తప్పు చేయడానికి కాదు, ఉన్న తప్పు ఎంత దూరం తీసుకుపోగలదో ముందే తెలుసుకోవడానికి.

ఈ "వైపు" అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. పత్తి లోడు ఎత్తుగా వేసిన ట్రాక్టర్ ట్రాలీ చూడండి. వెనక నుంచి తోస్తే ఏమీ కాదు. పై నుంచి నొక్కితే ఇంకా గట్టిగా కూర్చుంటుంది. ఒక పక్క టైరు చిన్న గుంతలో దిగితే మాత్రం మొత్తం పక్కకు ఒరుగుతుంది. బలం అంతే, దిక్కు వేరు. తాడు ఎక్కడ బిగించాలో లోడు కట్టేవాళ్లకు తెలిసేది అందుకే.

వాతావరణ మోడల్‌లో, అంటే ఈ లెక్క వేసే కంప్యూటర్ ప్రోగ్రాంలో, ఇలాంటి దిక్కులు రెండో మూడో కాదు. ప్రతి గడిలో, ప్రతి ఎత్తులో వేడి, తేమ, గాలి, అన్నీ కలిపితే కోట్ల అంకెలు. ఆ మొత్తాన్ని ఒకే వెక్టర్‌గా, ఒకే బాణంగా చూస్తాం. మొదట్లో ఉన్న తప్పు కూడా ఒక చిన్న బాణమే. అది ఎటు తిరిగి ఉంది అన్నదాన్ని బట్టి రెండు రోజుల్లో చచ్చిపోతుందా, పదింతలు అవుతుందా అన్నది తేలుతుంది.

చేత్తో వేసుకోగలిగే లెక్క ఒకటి ఇస్తాను. రెండే అంకెలు, అ, ఆ. రోజూ నియమం ఇది: కొత్త అ = సగం అ + నాలుగు రెట్ల ఆ. కొత్త ఆ = సగం ఆ. ఇప్పుడు "అ"లో 1 తప్పు పెట్టండి. మర్నాడు 0.5, ఆ తర్వాత 0.25, అలా కరిగిపోతుంది. అదే 1 తప్పును "ఆ"లో పెట్టండి. మర్నాడు "అ"లో తప్పు 4. ఎల్లుండి కూడా 4. మూడో రోజు 3, నాలుగో రోజు 2, ఐదో రోజు 1.25. చాలా రోజులు పోతే అదీ చస్తుంది. కానీ వడ్లు ఆరబోసినవారికి కావాల్సింది ఆ మొదటి రెండు రోజులే కదా! నేను తరగతిలో ఐగెన్ విలువలు, అంటే దిక్కు మారని బాణం ఒక్కో అడుగులో ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకెలు, చెప్పేటప్పుడు ఈ లెక్క వేయిస్తాను. ఐగెన్ విలువలు రెండూ సగమే, కాబట్టి తప్పు పెరగదని పిల్లలు ముందే రాసేస్తారు. వేసి చూశాక ఆగిపోతారు. ఇచ్చిన గడువులో ఎక్కువగా పెరిగే దిక్కును వెతికిపెట్టేవాటినే సింగ్యులర్ వెక్టర్లు అంటారు. అవి ఐగెన్ వెక్టర్ల కంటే వేరు.

యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం 1992 చివర్లో ఎన్సెంబుల్‌ను రోజువారీ పనిలోకి తెచ్చినప్పుడు ఈ సింగ్యులర్ వెక్టర్ల దారే పట్టింది. మోడల్‌ను 48 గంటలు ముందుకు, తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కు లెక్కగట్టే దాని అనుబంధ రూపాన్ని (అడ్జాయింట్) వెనక్కు పదేపదే నడిపి, తప్పు అన్నింటికంటే వేగంగా పెరిగే దిక్కులు తీస్తారు. ఖర్చుతో కూడిన పని. దాదాపు అదే సమయంలో అమెరికా వాతావరణ కేంద్రం కూడా మొదలుపెట్టింది, అక్కడి శాస్త్రవేత్తలు జోల్తాన్ టోత్, యూజీనియా కాల్నే వేరే ఉపాయం చేశారు. చిన్న తప్పు కలిపి లెక్క నడపడం, ఆరు గంటల తర్వాత అసలు లెక్కతో వచ్చిన తేడాను మళ్లీ మొదటి సైజుకు కుదించడం, దాన్ని కొత్త లెక్కలో కలపడం. ఇలా కొన్ని రోజులు చేస్తే చచ్చే దిక్కులు చచ్చిపోయి, పెరిగే దిక్కులే మిగులుతాయి. మంచి కంకులు ఏరి విత్తనానికి పెట్టుకుంటూ పోయినట్టు. అందుకే వాటికి బ్రెడ్ వెక్టర్లు, అంటే పెంచి తీసిన వెక్టర్లు అని పేరు. అమెరికా వాళ్లు ఆ తర్వాత పద్ధతి మార్చారు. మన 21 లెక్కల వ్యవస్థ కూడా ఆ అమెరికా వ్యవస్థ కుటుంబానిదే.

తప్పుల్ని గుడ్డిగా కలిపితే ఏమయ్యేదో కూడా చెప్పాలి. ఎక్కువ దిక్కుల్లో తప్పు పెద్దగా పెరగదు కాబట్టి 21 జవాబులూ దాదాపు ఒకేలా వచ్చేవి. చూసినవారు "అన్నీ ఒకటే చెప్తున్నాయి, టెన్షన్ లేదు" అనుకునేవారు. మోసమంటూ ఉంటే అది మోసం.

"సీతాకోకచిలుక రెక్క ఊపితే తుపాను పుడుతుందని సైన్సే ఒప్పుకుంది." అలా ఎవరూ ఒప్పుకోలేదు. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1972లో చేసిన ప్రసంగం పేరు ఒక ప్రశ్న: బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఊపితే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా? రెక్క ఊపు సుడిగాలిని పుట్టించగలిగితే, అంతే సులువుగా ఆపనూగలదని ఆయనే అందులో అన్నారు. ఆయన మొదట గమనించింది 1961లో. కంప్యూటర్‌లో వాతావరణ లెక్కను 0.506127 బదులు 0.506 అని కొట్టి మళ్లీ నడిపితే, కొంతకాలానికి రెండు ఫలితాలకూ పోలికే లేకుండా పోయింది. కథ అందరూ ఇక్కడే ఆపేస్తారు. అదే లోరెంజ్ 1965లో రోజూ మారే 28 అంకెలున్న చిన్న మోడల్ తీసుకుని, ఏ దిక్కులో తప్పు ఎంత పెరుగుతుందో లెక్కగట్టారు. పైన చెప్పిన పనికంతా బీజం అది. ఆయన "ఇక లాభం లేదు" అని చేతులెత్తేసి ఉంటే ఈ దారి ఉండేదే కాదు.

"రేపటి సంగతి ఎవరూ చెప్పలేరు" అన్న మాటలో నిజం ఉన్న చోటు ఒకటి ఉంది, దాన్ని దాచను. రెండు రోజుల గడువుతో వెతికే సింగ్యులర్ వెక్టర్లు ఎక్కువగా భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల మీది బలమైన పైగాలుల కోసం పనికొచ్చేవి. మనలాంటి ఉష్ణ ప్రాంతాల్లో తుపానుల చుట్టూ మాత్రమే వాటిని ప్రత్యేకంగా లెక్కవేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే గాలివాన మబ్బు సంగతి వేరు. అక్కడ తప్పు గంట, రెండు గంటల్లోనే రెట్టింపయ్యేంత వేగంగా పెరుగుతుంది. పైగా 12 కిలోమీటర్ల గడి అంటే 144 చదరపు కిలోమీటర్లు, అందులో ఎన్నో ఊళ్లు పడతాయి. మబ్బు ఆ గడిలో ఏదో మూలన కూర్చుంటుంది. ఏ ఊరి కల్లం మీద పడుతుందో రెండు రోజుల ముందు చెప్పలేరు. అల్పపీడనమో తుపానో అయితే పరిస్థితి చాలా మెరుగు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడమే మెసేజ్ చేసిన పెద్ద తప్పు.

"60 శాతం అంటే పడ్డా మాదే, పడకున్నా మాదే." ఒక్క రోజు చూస్తే అలాగే అనిపిస్తుంది. 21 లెక్కల్లో 13 వాన చూపితే దగ్గరదగ్గర 60 శాతం. అలా 60 అని చెప్పిన రోజులన్నీ ఒక పక్క పెట్టి లెక్కపెట్టండి. వందలో 60 రోజుల చుట్టూ వాన పడి ఉండాలి. 30 రోజులే పడితే వాళ్ల మాట తప్పు. 90 రోజులు పడినా తప్పే. అంటే దొరికిపోయే మాటే అది.

మా చిన్నాయన విషయంలో జరిగింది వేరు. బులెటిన్‌లో "అక్కడక్కడ" అని ఉంది. ఆ మాటకు లెక్క ఉంది: ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకు. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు, "చాలా చోట్ల" అంటే ముప్పావు వరకు. ఇది ఎవరూ రైతుకు చెప్పలేదు. "అక్కడక్కడ అంటే మన దగ్గర కాదనుకున్న బిడ్డా" అన్నారాయన. ఈ తప్పు లెక్కది కాదు, లెక్కను మాటగా మార్చి ఊరికి చేర్చడంలో జరిగింది. నా కోపం దాని మీద.

"పెద్ద కంప్యూటర్ కొంటే పోతుంది." కొన్నాం కూడా. 2025 మేలో 6 కిలోమీటర్ల గళ్ల మోడల్ వచ్చింది. మంచిదే. కానీ గడి చిన్నదైతే బెలూన్ల సంఖ్య పెరగదు, మొదటి అంకెల్లో తప్పు అలాగే ఉంటుంది. చిన్న సైజు తప్పులు ఇంకా తొందరగా పెరుగుతాయి కూడా.

"కార్తెలే నయం." రోహిణిలో దుక్కి, మృగశిర వచ్చాక విత్తనం అని మా తాత చెప్పేవాడు, నాకు ఆ మాట మీద గౌరవం ఉంది. కార్తె సూర్యుడి నడకను బట్టి వస్తుంది, ఏటా దాదాపు అదే తేదీన. ఎన్నో ఏళ్ల సగటు అందులో ఉంది. ఈ ఏడు మృగశిర మూడో రోజున పత్తి గింజ పెట్టాలా, వారం ఆగాలా అన్నది అందులో లేదు.

ఇదంతా చిన్నాయనకు ఫోన్‌లో ఓపిగ్గా చెప్పాను. చివరిదాకా విని, "మల్ల ఈ 21లో ఎన్ని వాన అన్నయో నాకు తెల్సుడెట్ల?" అని అడిగారు. ఆ అంకె మండలాలవారీగా, తెలుగులో, వడ్లు ఆరబోసే నెలల్లో రోజూ ఐకేపీ సెంటర్ గోడ మీద రాసి ఉండాలి.