'ఫ్యామిలీ ఫ్రెండ్లీ' గారికి ఒక ఫ్యామిలీ రాయునది

అయ్యా,

ఇక్కడ మేమంతా క్షేమం, మోకాళ్లు తప్ప. మీ క్షేమం అడగక్కర్లేదు. కరపత్రం మీద ఆకుపచ్చ అక్షరాల్లో అచ్చయి కూర్చున్న మాటకి కాళ్లు పీకవు కదా.

మమ్మల్ని మీరు మర్చిపోయి ఉంటారు. మొన్న ఆగస్టులో ఇంగ్లండులో మేముండే షెఫీల్డ్ నుంచి, పక్కనే ఉన్న డెర్వెంట్ లోయకి వచ్చాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, కర్నూలు వైపు నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అత్తయ్య. ఒక డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో చెక్కలు, రెండు ఫ్లాస్కులు, ఒక గొడుగు. అక్కడి కరపత్రంలో 'రిజర్వాయర్ల చుట్టూ నడక' అని రాసి, దాని పక్కన మీరున్నారు. మా చిన్నప్పుడు పోస్టర్ మీద 'సకుటుంబ సపరివార సమేతంగా చూడదగ్గ చిత్రం' అని కనిపిస్తే ఇక ఎవరూ కథ అడిగేవాళ్లు కాదు. ఆ అలవాటు కొద్దీ మిమ్మల్ని నమ్మి దూరం చూడలేదు.

మీ పక్కన చిన్న బొమ్మ కూడా ఉంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. కుక్క దాకా ఆలోచించినవాళ్లకి అమ్మమ్మ గుర్తు రాలేదు. మాకు అక్కడే అనుమానం రావాల్సింది.

ముందు మీ మంచి చెప్పుకుందాం. డెర్వెంట్ ఆనకట్ట కింద కారు పెట్టి పడమటి గట్టున బయల్దేరితే అంతా తారు రోడ్డే. పిల్లల బగ్గీ తోసుకుంటూ వెళ్లొచ్చు, మూడేళ్లవాడు సైకిల్ తొక్కొచ్చు. అటు ఓ అరగంట నడిచి, చెక్కలు తిని, వెనక్కి తిరిగితే మీ అంత నిజాయితీపరులు ఇంగ్లండులో లేరు. మేమూ అదే అనుకున్నాం. కానీ నీళ్లు కుడిచేతి వైపు ఉండటం అత్తయ్య చూశారు.

"ప్రదక్షిణం సరిగ్గానే మొదలుపెట్టినాం నాయనా. ఇంక సగంలో తిరక్కూడదు."

సింహాచలం గిరి ప్రదక్షిణం ముప్పై రెండు కిలోమీటర్లు చేసొచ్చిన మనిషి. ఆవిడకి మీ కరపత్రం చూపించి ఏం లాభం? మధ్యలో రెండు ఆనకట్టలున్నాయి గానీ వాటి మీదుగా అవతలికి పోనివ్వరు. డెర్వెంట్, దాని పైన హౌడెన్, రెండూ చుట్టి రావాలంటే దాదాపు పది మైళ్లు. పది మైళ్లు అని మీ కింద చిన్న అక్షరాల్లో ఉందట. మా ఆవిడ ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని చదివి చెప్పింది.

దారిలో మొదట టిప్ కనబడింది. అది గొర్రెల కుక్క, దానికో రాతి గుర్తు కట్టారు. 1953 డిసెంబరులో, ఎనభై దాటిన జోసెఫ్ టాగ్ అనే కాపరి పైన కొండ బీడు మీదకి వెళ్లి తిరిగి రాలేదు. పదిహేను వారాలకి ఆయన శవం దొరికింది. అన్నాళ్లూ, ఆ చలికాలమంతా, టిప్ ఆయన పక్కనే ఉంది, బతికే ఉంది. మీ బొమ్మలో కుక్కనెందుకు పెట్టారో అప్పుడర్థమైంది, ఫ్యామిలీలో నమ్మదగింది అదొక్కటే. మా పెద్దాడైతే వానచుక్క పడగానే నన్ను వదిలేసి గొడుగున్న వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

ఇంకాస్త ముందు బర్చిన్లీ. ఈ రెండు ఆనకట్టలూ కట్టిన కూలీల కోసం 1900 తర్వాత అక్కడ రేకుల ఇళ్లతో ఒక ఊరు వెలిసింది. టిన్ టౌన్ అనేవారు. బడి, ఆసుపత్రి, క్యాంటీన్, అన్నీ ఉండేవి. ఈ లోయలో నిజంగా ఫ్యామిలీ ఫ్రెండ్లీగా ఉన్నది ఏదైనా ఉంటే అదే. హౌడెన్ 1912లో, డెర్వెంట్ 1916లో పూర్తయ్యాయి. పనైపోయింది, రేకులు విప్పారు, ఊరు పోయింది. ఇప్పుడు చెట్ల మధ్య ఒక బోర్డు ఉంది. పిల్లలు దాని ముందు ఆగలేదు. 1943లో జర్మన్ ఆనకట్టలు పేల్చడానికి వెళ్లబోయే బ్రిటిష్ విమానాలు ఈ నీళ్ల మీదే అతి తక్కువ ఎత్తులో ఎగరడం నేర్చుకున్నాయని చెబితే మాత్రం అరగంట సేపు చేతులు చాపి ఎగిరారు. ఆ అరగంట వాళ్ల కాళ్లు నొప్పెట్టలేదు.

తారు రోడ్డు అయిపోయాక మీరూ అయిపోయారు. రాళ్ల దారి, ఏటవాలు, పైన మూర్. మూర్ అంటే ఏమిటని అత్తయ్య అడిగితే చెప్పడం కష్టమైంది. చెట్లు లేని ఎత్తైన బీడు. కింద పీట్, అంటే వేల ఏళ్లుగా సగం కుళ్లి సగం కుళ్లని నాచు, స్పాంజిలా నీళ్లు పట్టుకుని ఉంటుంది. పైన ఆగస్టులో హీథర్ పొదలు పూసి కొండకి కొండ వంకాయ రంగులో ఉంటుంది. అక్కణ్ణుంచి దిగే వాగు నీళ్లు అచ్చం టీ డికాషన్. "పాలు పోస్తే సరిపోతాది" అన్నారావిడ. అంతలో వాన అడ్డంగా కొట్టింది. గొడుగు తిరగబడి చేతిలోంచి పోయింది. పీచుపీచుగా తడిసిన గొర్రె ఒకటి మా పులిహోర డబ్బా వైపు చూస్తూ నిలబడింది, మా కంటే స్థిమితంగా.

దాదాపు సగం దూరంలో, హౌడెన్ కొసన, మీ నడకదారిలో వచ్చే చోటు పేరేంటో తెలుసా? స్లిప్పరీ స్టోన్స్. జారుడు రాళ్లు! ఫ్యామిలీని పిలిచేటప్పుడు ఈ పేరు మీకు మొదటి పేజీలో రాయాలనిపించలేదు.

అక్కడ వాగు మీద రెండు కమానుల పాత రాతి వంతెన ఉంది. గుర్రాల మీద సరుకు మోసుకెళ్లే కాలం నాటిది. అది అక్కడిది కాదు. కింద డెర్వెంట్ ఊళ్లో ఉండేది. మూడో రిజర్వాయర్ లేడీబవర్ కడితే ఊరు మునుగుతుందని, వంతెనని విప్పి, రాళ్లకి నంబర్లు వేసి దాచి, 1959లో ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. నేనిది ఏదో గొప్ప సంగతిలా చెబుతుంటే అత్తయ్య గోడ మీద కూర్చుని పాదాలు ఒత్తుకుంటున్నారు.

"మాకాడా అంతే కదా. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి ఆలంపురంలో పెట్టినారు. ఇండ్లకి ఎవరు నంబర్లేస్తారు? మా నాయన దూలాలు పీక్కొని బండిమీద ఏసుకొచ్చినాడు."

ఆవిడది శ్రీశైలం నీళ్లలో పోయిన ఊరని నాకు తెలుసు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో దూలాల సంగతి ఇదే మొదటిసారి వినడం.

తిరుగుదారి తూర్పు గట్టు గురించి ఎక్కువ రాయను. చిన్నాడు నా భుజం మీద ఉన్నాడు, వాడి బూట్లు నా జేబుల్లో ఉన్నాయి. చీకటి పడే ముందు కారు దగ్గరికి చేరాం. అత్తయ్య ఆనకట్టకి దణ్ణం పెట్టి ప్రదక్షిణం పూర్తిచేశారు.

మీతో అసలు పేచీ మోకాళ్లది కాదు. ఇంటికొస్తూ లేడీబవర్ పక్కన కారు ఆపమన్నారావిడ. "ఆ ఊరు యాడ?" అని అడిగారు. అవతలి గట్టు వైపు చూపించాను. డెర్వెంట్ అక్కడ, మనం దాటబోయే పొడుగు వంతెన కింద ఆష్‌ఆప్టన్. ఇళ్లు కూల్చారు, చర్చి ఆవరణలోని శవాలని తవ్వి బామ్‌ఫర్డ్‌లో మళ్లీ పూడ్చారు, కుటుంబాలని వేరే చోటికి మార్చారు. 1945లో రాజుగారు వచ్చి ప్రారంభించారు. చర్చి గోపురం ఒక్కటే కొన్నాళ్లు నీళ్లలోంచి తలెత్తి చూసింది, 1947లో దాన్నీ పేల్చేశారు. ఆ నీళ్లు డెర్బీకి, నాటింగ్‌హామ్‌కి, మా షెఫీల్డ్‌కి, లెస్టర్‌లో ఉన్న మా తోడల్లుడి కుళాయికి. తాగుతున్నాం, కాదనను. 2018లో నీళ్లు బాగా దిగిపోతే గోడల మొదళ్లు బయటపడ్డాయి. జనం ఫ్యామిలీలతో ఎగబడి చూశారు.

అదండీ. ఉన్న ఫ్యామిలీలని పంపేశాక వచ్చిన దారికి పెట్టిన పేరు మీరు, ఫ్యామిలీ ఫ్రెండ్లీ అని. మీరు ఏ ఫ్యామిలీకి ఫ్రెండో ఎక్కడా రాయలేదు, నేను కరపత్రం తిరగేసి కూడా చూశాను. వెనక ఐస్‌క్రీమ్ ప్రకటన ఉంది.

కారులో అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. షెఫీల్డ్ దీపాలు కనిపించాక, "ఎండాకాలం నీళ్లు దిగితే మా ఊరి గోడలూ అట్లే కనపడ్తాయి. మా వాకిలి నేను గుర్తుపడ్తా. ఇక్కడ నీళ్లు దిగినప్పుడు చెప్పు నాయనా, వాళ్ల ఊరూ చూసి పోతా" అన్నారు.

ఇట్లు,
బొమ్మలో లేని అమ్మమ్మ తరఫున,
ఆవిడ అల్లుడు

తా.క.: ఆవిడ వీసా అక్టోబరుతో అయిపోతుంది. ఈ ఏడు ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి.