నడిచే నిమోనియా గురించి ఆ వాట్సాప్ సందేశం చెప్పని సంగతులు

గుంటూరు, విజయవాడల్లో అపార్టుమెంటు గ్రూపుల నుంచి ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల దాకా ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: వాకింగ్ నిమోనియా పేరుకే నిమోనియా, మనిషి నడుస్తున్నాడంటే ఊపిరితిత్తులు బాగున్నట్టే, అది ఫ్రిజ్ నీళ్లకూ ఏసీకీ పట్టే జలుబు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వేసుకుంటే చాలు, అప్పటికీ దగ్గు ఆగకపోతే బలమైన ఇంజెక్షన్లు అడిగి వేయించుకోవాలి. మా గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది కాబట్టి ఒక్కొక్క మాటే చూద్దాం.

నడవగలగడం రోగి ఓపికను చెబుతుందే గాని ఊపిరితిత్తుల సంగతి చెప్పదు. ఈ జబ్బులో స్టెతస్కోపుకు పెద్దగా ఏమీ వినిపించకపోయినా ఎక్స్‌రేలో మచ్చ కనిపించడం వైద్యులకు కొత్త కాదు. నిరుడు సంక్రాంతి సెలవులకు విజయవాడ హాస్టల్ నుంచి గుంటూరు వచ్చిన మా అన్నయ్య కొడుకు పగలంతా వీధిలో క్రికెట్ ఆడేవాడు, రాత్రి పక్క మీదికి చేరగానే దగ్గు మొదలయ్యేది. మిర్చి యార్డు దగ్గర కాపురం ఉండేవాళ్లం కనుక ఆ దగ్గును మేమందరం మిర్చి ఘాటు ఖాతాలో వేసేశాం. డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి, కుడి ఊపిరితిత్తి అడుగున మంచు కమ్మినట్టు తెల్లగా ఉన్న చోటును వేలితో చుట్టి చూపించాక గాని మా పొరపాటు మాకు అర్థం కాలేదు.

చాలామందిలో ఇది తేలికగానే ఉంటుందనీ, కొందరికి మందు లేకుండానే తగ్గుతుందనీ సందేశం రాసినవారు అని ఉంటే నేను కాదనేవాణ్ణి కాను. కానీ ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ నొప్పి పెట్టినా, కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు 94 కంటే తక్కువ చూపించినా, దగ్గుతోపాటు నోటిలో పుండ్లూ ఒంటిమీద దద్దుర్లూ లేచినా నడుస్తున్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకూడదు.

చల్లని నీళ్ల మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఎక్కువ కేసుల్లో దీనికి కారణం మైకోప్లాస్మా నిమోనియే అనే బ్యాక్టీరియా. దగ్గు, తుమ్ముల తుంపర్లతో, ముఖ్యంగా ఒకే గదిలో కలిసి ఉండేవారి మధ్య పాకుతుంది. సోకిన తరువాత లక్షణాలు బయటపడటానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. మావాడి గదిలో మంచాలు నాలుగు. వాడికంటే ముందు ఒకడు, వాడి తరువాత రెండు వారాలకు మరొకడు దగ్గారు. ఇంత ఎడం ఉండటం వల్లనే అంటువ్యాధి అన్న అనుమానం ఎవరికీ రాదు.

అసలు హాని చేసేది అమాక్సిసిలిన్ సలహా. అది పెన్సిలిన్ జాతి మందు; ఆ జాతి మందులు బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టనివ్వకుండా చేసి దాన్ని చంపుతాయి. మైకోప్లాస్మాకు ఆ గోడే లేదు. 1944లో ఈటన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ క్రిమి గురించి ప్రకటించినప్పుడు, మామూలు బ్యాక్టీరియాను ఆపే వడపోతల గుండా కూడా అది జారిపోవడంతో చాలాకాలం వైరస్ అనే అనుకున్నారు; 1962లో గాని దాన్ని ప్రయోగశాలలో క్రిములను పెంచే అగార్ అనే జెల్లీ మీద పెంచి బ్యాక్టీరియా అని తేల్చలేకపోయారు. గోడ లేనిదానికి గోడ పగలగొట్టే మందు ఎంత వేసినా దండగే. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన, అమాక్సిసిలిన్ కలిసిన 625 మాత్రలు మావాడు అయిదు రోజులు మింగినా జ్వరం దిగలేదు. దీనికి పనిచేసేవి అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి వేరే జాతి మందులు. వాటిలో ఏది, ఎన్నాళ్లు అన్నది వయసునూ గర్భాన్నీ గుండెజబ్బునూ చూసి డాక్టరు నిర్ణయించాలి. ఆసుపత్రుల్లో తరచుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ కూడా గోడ మీద పనిచేసేదే కనుక, బలమైన ఇంజెక్షన్ అని అడిగి వేయించుకున్నా ఈ క్రిమికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

దగ్గు తగ్గలేదు కాబట్టి మందు విఫలమైందనుకోవడం మరో పొరపాటు. ఈ క్రిమి శ్వాసనాళాల లోపలి సన్నని కేశాలకు అతుక్కుని వాటిని దెబ్బతీస్తుంది. క్రిమి పోయినా ఆ పొర బాగుపడటానికి వారాలు పడుతుంది. కాబట్టి మందు పట్టిందో లేదో జ్వరాన్నీ నీరసాన్నీ చూసి చెప్పాలి. రెండు మూడు రోజుల్లో జ్వరం లొంగకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. క్రిమి ఆ మందుకు లొంగని రకం కావచ్చు, జబ్బే వేరొకటి కావచ్చు.

ఇక్కడ సందేశం పూర్తిగా వదిలేసిన సంగతి క్షయ. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. షాపుల్లో అడిగి తెచ్చుకునే లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు క్షయను కొంతకాలం అణచిపెట్టి, అది బయటపడటాన్ని ఆలస్యం చేస్తాయి. మావాడికి ఆ పరీక్ష కూడా చేశారు, క్షయ లేదని తేలింది. మందు మార్చిన మూడో రోజున జ్వరం పోయింది; దగ్గు మాత్రం శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్ల దాకా సాగింది, ఈలోగా డాక్టరుగారు ఇంకో యాంటీబయాటిక్ రాయలేదు.