చార్మినార్‌కు కావలసింది నీడ

చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి, ఆ నేలనంతా పాదచారులకు అప్పగించాలన్న పథకం రెండు దశాబ్దాలకు పైగా నలిగి నలిగి చివరికి ఒక రూపానికి వచ్చింది. ఒకప్పుడు బస్సులు, ఆటోలు కట్టడాన్ని ఒరుసుకుంటూ వెళ్లిన చోట ఇవాళ గ్రానైట్ పరిచిన ఆవరణలో పిల్లలు నిర్భయంగా పరుగులు తీస్తున్నారు. 1591 నాటి సున్నపు కట్టడానికి పొగ, చక్రాల అదురు కొంతైనా తప్పాయి. 2019 మే మొదట్లో ఒక మినార్ నుంచి గచ్చు అలంకరణ ముక్క విరిగి పడినప్పుడు నగరమంతా ఉలిక్కిపడింది. అలాంటి కట్టడానికి ఈ మాత్రం ఊరట దక్కడం సామాన్యమైన విషయం కాదు. ఇందుకు శ్రమించిన అధికారులను, ఓర్చుకున్న వ్యాపారులను అభినందించవలసిందే. అయితే వాహనాలను తీసేయడంతోనే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఖాళీ అయిన ఆ నేలను మనుషులు నిలబడగలిగే చోటుగా మార్చడం ఇంకా మొదలే కాలేదన్నది మా అభిప్రాయం.

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు అక్కడికి వెళ్లి చూస్తే విషయం బోధపడుతుంది. పరిచిన రాయి కాలి, ఆ వేడినంతా పైకి చిమ్ముతుంటుంది. కట్టడం నీడ ఎటు తిరిగితే జనం అటు జరుగుతుంటారు. లాడ్ బజార్‌లో గాజులు కొని వచ్చిన తల్లులు చంటిబిడ్డల తల మీద కొంగు కప్పుకొని, మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద కూర్చుంటారు. పండ్ల బండి మీద కట్టిన టార్పాలిన్ కింద నలుగురు తల దాచుకుంటారు. కూర్చోవడానికి చెట్టు కింద ఒక చప్టా, తాగడానికి నాలుగు చోట్ల నీళ్లు, ఆడవాళ్లు సంకోచం లేకుండా వెళ్లగలిగే మరుగుదొడ్లు తగినన్ని లేనప్పుడు పాదచారుల ఆవరణ అన్న పేరుకు అర్థం సగమే మిగులుతుంది.

ఈ ఊరిని తీర్చిదిద్దినవారికి ఈ సంగతి తెలుసు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో ఆయన ప్రధానమంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ పర్యవేక్షణలో నగరానికి రూపకల్పన జరిగినప్పుడు నాలుగు దారులు కలిసే చోట చార్మినార్‌ను నిలిపారు. దానికి ఉత్తరాన నాలుగు కమాన్ల నడుమ నీటి హౌజును పెట్టారు. అదే ఇవాళ్టి గుల్జార్ హౌజ్. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు ఇక్కడి తోటల గురించి ప్రత్యేకంగా రాశారు. ఆ తర్వాత 1908 మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టి రోడ్డుకు ఇరువైపులా రాతి కమాన్ల వరుసలు కట్టించింది. ఎండలోనూ వానలోనూ కొనుగోలుదారు వాటి కిందుగా నడిచి వెళ్లే ఏర్పాటు అది. ఆ వరదలోనే అఫ్జల్‌గంజ్ దగ్గరి ఒక చింతచెట్టు సుమారు 150 మంది ప్రాణాలు కాపాడిందని ఈ నగరం నేటికీ చెప్పుకుంటుంది. చెట్టు విలువ హైదరాబాదుకు ఒకరు నేర్పనక్కర్లేదు.

చార్మినార్ పక్కన చెట్లు నాటడానికి నిబంధనలు అడ్డొస్తాయన్న వాదన తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి నూరు మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పునాదుల దగ్గర పెద్ద వేళ్ల చెట్లు ఎవరూ కోరరు. పక్షులు వేసిన విత్తనాలతో రావి, మర్రి మొక్కలు సున్నపు గోడల పగుళ్లలో మొలిచి ఎన్ని కట్టడాలను చీల్చాయో చూస్తూనే ఉన్నాం. కానీ నీడ సరిగ్గా కట్టడం కిందే ఉండాలని ఎవరన్నారు? పత్తర్‌గట్టి మొదలుకొని మదీనా కూడలి వరకు, దక్షిణాన షా అలీ బండ వైపు, పడమట ఖిల్వత్, మోతీ గల్లీల వైపు సాగే దారుల అంచున వేప, కానుగ, పొగడ వంటి చెట్లు వరుసగా ఎదిగితే, జనం నీడలోనే నడిచి వచ్చి చివరి కొద్ది గజాలే ఎండలో దాటుతారు. కట్టడం కనిపించే తీరుకూ భంగం కలగదు. మొక్క నాటిన చోట చుట్టూ రాయి బిగించి ఊపిరాడకుండా చేయకుండా, వాన నీరు ఇంకే మట్టిని కనీసం ఒక గజం వదిలితే చాలు. 1892లో కట్టిన మహబూబ్ చౌక్ గడియార స్తంభం చుట్టూ చిన్న తోట ఉంది. అలాంటివి మరో నాలుగైదు వెలిస్తే పాతబస్తీ నడిబొడ్డున ముసలివారికి సాయంత్రం కూర్చునే చోటు దొరుకుతుంది.

ఇక రాకపోకల విషయం. చార్మినార్ దగ్గర ఆపిన వాహనం మాయమైపోదు, పక్క వీధిలోకి మళ్లుతుంది. నాలుగు దారులను మూసి, వాటి చుట్టూ ఉన్న ఇరుకు గల్లీలకు ఆ భారమంతా మోపితే అక్కడి కాపురస్తులు ఆ పథకాన్ని శాపంగానే చూస్తారు. ఎదురుగానే నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. రోగిని మోసుకొచ్చే ఆటో ఎంత దూరంలో ఆగాలి? శుక్రవారం మక్కా మసీదుకు వేలమంది వచ్చినప్పుడు అంబులెన్సు ఏ దారిన పోవాలి? ఇవన్నీ బంగారు నగల నుంచి దుస్తుల దాకా అమ్మే దుకాణాల వీధులు; సరుకు రాకుండా ఒక్కరోజూ గడవదు. సరుకు దింపుకోవడానికి తెల్లవారుజామున నిర్ణీత సమయం, దుకాణం దాకా చేర్చడానికి చిన్న బ్యాటరీ బండ్లు, కాపురస్తుల వాహనాలకు అనుమతి పత్రాలు ఉంటే నిషేధం ఎవరికీ కంటగింపు కాదు. ఈ ఏర్పాట్లు కాగితం మీద కాక రోజూ అమలు కావాలి.

అత్యవసర దారుల గురించి మరీ గట్టిగా చెప్పవలసి ఉంది. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనంలో చెలరేగిన మంటలు 17 మందిని బలి తీసుకున్నాయి. మృతుల్లో పసిపిల్లలూ ఉన్నారు. దుకాణాల నడుమ సొరంగంలాంటి ఒక్క ఇరుకు దారి తప్ప లోపలివారికి మరో మార్గం లేకపోయింది. అంత దారుణం జరిగాక కూడా ఈ ప్రాంతపు రూపకల్పనలో అగ్నిమాపక శాఖ మాట చివర్లో వినిపిస్తే అది క్షమించరాని అలసత్వం. ఏ వీధిలోకి ఎంత వెడల్పు బండి పోగలదు, నీటి గొట్టం ఎక్కడ తగిలించాలి, ఏ అడ్డుకట్టను ఎవరు క్షణంలో తొలగించాలి అన్నవి చెట్లు, బల్లలు, దీపాలు ఎక్కడుండాలో గీయడానికి ముందే తేలాలి.

ఢిల్లీ చాందినీ చౌక్ అనుభవం మన కళ్ల ముందే ఉంది. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు వరకు 1.3 కిలోమీటర్ల దారిని ఎర్ర రాయితో తీర్చిదిద్ది 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలు రాకూడదన్నారు. తొలినాళ్లలో అందరూ మెచ్చుకున్న ఆ దారిలోకి నిఘా సడలగానే ద్విచక్ర వాహనాలు మళ్లీ చొరబడ్డాయి. రాయి పరచడానికి పెట్టిన శ్రద్ధ రోజువారీ నిర్వహణకు లేకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

చిరువ్యాపారులను ఈ చర్చలో అడ్డంకిగా చూపడం అన్యాయం. చార్మినార్‌కు కళ వచ్చేదే వారి వల్ల; రంజాన్ రాత్రులు చూసినవారు ఒప్పుకుంటారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి జీవనోపాధి హక్కునిచ్చింది. పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని నిర్దేశించింది. నడిచే దారి ఎంత, బండి నిలిచే జాగా ఎంత అన్నది వారితో కూర్చొని గీత గీయాల్సిన విషయం. పండుగ ముందు తరిమేసి, తర్వాత చూసీచూడనట్లు వదిలేసే పద్ధతి వల్ల వ్యాపారికీ నిలకడ లేదు, నడిచేవారికీ దారి లేదు.

ఈ మాటలన్నీ ఇప్పుడే చెప్పడానికి కారణం మెట్రో. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మార్గంలో చార్మినార్ పేరుతో వచ్చే స్టేషను కట్టడానికి సుమారు అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. దాని కోసం రోడ్డు విస్తరణకు ఆస్తులు ఇచ్చిన కుటుంబాలు ఇప్పటికే పెద్ద మూల్యం చెల్లించాయి. 2023 డిసెంబరులో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. కారు దిగకుండా వచ్చేవారి కంటే బస్సు, రైలు దిగి నడిచి వచ్చేవారే ఈ బజారుకు ఆధారం. స్టేషను నుంచి, బస్సు ఆగే చోటు నుంచి చార్మినార్ దాకా ఆ అర కిలోమీటరు ఎలా ఉండబోతోందన్నదే అసలు ప్రశ్న. చక్రాల కుర్చీ ఆగకుండా సాగే చదునైన దారి, దాని పొడవునా చెట్లు, రాత్రి దీపాలు, మధ్యలో కూర్చునే చోట్లు స్టేషను నిర్మాణ వ్యయంలోనే భాగం కావాలని మేము కోరుతున్నాం. స్టేషను కట్టాక విడిగా చూద్దామంటే ఆ పని ఎన్నటికీ జరగదు.

పురావస్తు శాఖ, నగర పాలక సంస్థ, కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ, మెట్రో, జలమండలి, ట్రాఫిక్ పోలీసులు ఎవరి పరిధిలో వారు పని చేయడం వల్ల నిన్న పరిచిన రాయిని నేడు గొట్టం కోసం పెకలించడం ఇక్కడ పరిపాటి అయింది. చార్మినార్ చుట్టూ ఉన్న ఈ కిలోమీటరు వలయానికి ఒకే బాధ్యుడైన అధికారిని, ఒకే నిధిని, ఒకే నక్షాను ప్రభుత్వం ఖరారు చేయాలి. ఆ నక్షాను ఉర్దూ, తెలుగు భాషల్లో చార్మినార్ ఆవరణలోనే పెద్ద పలక మీద ప్రదర్శించాలి. దుకాణదారులు, బండ్లవారు, గల్లీల కాపురస్తులు, ఆసుపత్రి వైద్యులు చెప్పే మార్పులు నమోదు చేసుకున్న తర్వాతే మెట్రో స్టేషను ద్వారాలు ఎటు తెరుచుకోవాలో తుది నిర్ణయం తీసుకోవాలి.