అమెరికా పల్లంలో ఉంది

భూమి గుండ్రంగా ఉందన్న వాదనకు నేను వ్యతిరేకిని కాను. అది కాస్త ఏటవాలుగా కూడా ఉందన్నదే నా మనవి. ఆధారం మా అమ్మమ్మ లెక్క.

ముందు శాస్త్రం సంగతి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీది మ్యాపు చూస్తే విమానం పడమరకు, అరేబియా మీదుగా పోవాలనిపిస్తుంది. బంతి మీద దారం లాగి చూడండి. అది తిన్నగా ఉత్తరానికి పోయి, ధ్రువం పక్కనుంచి దాటి, అవతలి వైపు దిగుతుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 16 గంటలు. అయితే ఆ దారిన ఇక్కణ్ణుంచి ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానం లేదు. మా తమ్ముడు దోహాలో దిగి, కుర్చీలో కునుకు తీసి, మళ్ళీ ఎక్కాడు.

అసలు ప్రయాణం అంతకు రెండు రోజుల ముందే మొదలైంది. పెట్టెకు 23 కిలోలే. బాబాయ్ స్ప్రింగ్ త్రాసుకు పెట్టె తగిలించి, మునివేళ్ళ మీద లేచి పైకెత్తితే ముల్లు 24 దాటి ఆగింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాం. గోంగూర సీసా తీశారు, మళ్ళీ పెట్టారు. కందిపొడి తీశారు, మళ్ళీ పెట్టారు. చివరికి వాడి తువ్వాళ్ళు, బూట్లు బయటపడ్డాయి. అవి అక్కడా దొరుకుతాయట. గోంగూర కూడా డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో దొరుకుతుంది, కానీ ఆ మాట అన్నవాడికి ఆ పూట అన్నం పుట్టదు.

ఇక అమ్మమ్మ. వాడు శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకు విమానం ఎక్కాడని క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంది. దిగగానే ఫోన్ చేస్తే, "అక్కడ టైమెంతరా?" అని అడిగింది. "సాయంత్రం నాలుగు, అమ్మమ్మా. శుక్రవారమే." అదీ రాసుకుంది. పన్నెండు గంటలు. మరుసటేడు వేసవిలో వాడు పెళ్ళికి వచ్చాడు. అక్కడ శుక్రవారం రాత్రి 7 గంటలకు ఎక్కి, ఇక్కడ ఆదివారం ఉదయం 5 గంటలకు దిగాడు. ముప్పై నాలుగు గంటలు.

"వెళ్ళడానికి పన్నెండు, రావడానికి ముప్పై నాలుగా? అయితే అమెరికా పల్లంలో ఉందన్నమాట," అంది కళ్ళజోడు సర్దుకుంటూ. "అందుకే పిల్లలంతా అటు జారిపోతున్నారు."

నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. డాలస్ గడియారం వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుందని, ఆ తేడా తీసేస్తే రానూపోనూ ప్రయాణం దాదాపు ఒకటేనని చెప్పాను. పైగా అంత ఎత్తులో గాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి, డాలస్ నుంచి దోహాకు వచ్చే విమానం వెళ్ళేదానికంటే గంట ముందే దిగుతుంది అన్నాను. గాలి మనవైపే తోస్తుంది అని చేత్తో చూపించాను కూడా.

అమ్మమ్మ పెన్సిల్ కింద పెట్టింది.

"గాలి ఇటే తోస్తుంటే, మీ మావయ్య ఆరేళ్ళుగా ఎందుకు రాలేదురా?"