ఖాళీ గొట్టం ఊరికే ఉండదు

విజయవాడలో కొండవార ఇళ్ల కుళాయి చూడాలంటే వంగి చూడాలి. మొగల్రాజపురంలో మెట్లెక్కి వెళ్తే ఒక ఇంటి ముందు నాకు కనిపించింది ఇదీ: గడప పక్కన రెండడుగుల లోతు గుంట, అంచులకు సిమెంటు పూత, అడుగున గొట్టం మొన. తిప్పే కుళాయి లేదు, గుడ్డపీలిక చుట్టిన చెక్క బిరడా ఉంది. నీళ్లు పైకి ఎక్కకపోతే మనుషులే గొట్టాన్ని కిందికి దించుకున్నారు. గుంటకు జానెడు దూరంలో సైడు కాలువ. ఆ ఇంటావిడ చెప్పింది ఒక్కటే మాట: "మొదటి రెండు బిందెలు పారబోయాలండీ, వాసనొస్తాయి. మూడో బిందె నుంచి పట్టుకుంటాం."

ఎందుకు వాసనొస్తాయో ఆవిడకు తెలుసు. పట్టించుకోవాల్సిన వాళ్లకు తెలియదని నేననుకోను.

మంచినీళ్ల గురించి ప్రభుత్వాలు, పత్రికలు, దాతలు, మనమూ మాట్లాడేదంతా ఆ మూడో బిందె గురించే. ఎన్ని లీటర్లిచ్చారు, ఎన్ని కుళాయిలు వేశారు, ఎన్ని ట్యాంకులు కట్టారు. నాకు మాట్లాడాలని ఉన్నది ఆ పారబోసిన రెండు బిందెల గురించి.

వెనకటి కథ పాఠకులకు గుర్తే. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో, ఆ చుట్టుపక్కల అతిసారం పదిమందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ గుంటూరే. అదే ఏడాది వేసవిలో మొగల్రాజపురం. 2025 సెప్టెంబరులో విజయవాడ న్యూ రాజరాజేశ్వరీపేట, అంటే ఏడాది ముందు బుడమేరు వరద ముంచిన పేటే. ఎప్పుడొచ్చినా తంతు ఒకటే. ముందు తిండి తేడా అయ్యుంటుందంటారు. తర్వాత ట్యాంకర్లు, వైద్య శిబిరం, క్లోరిన్ బిళ్లలు, పరామర్శలు, పరిహారం. ల్యాబు రిపోర్టు వచ్చేసరికి పేపర్లో వేరే వార్త ఉంటుంది.

ఇందులో అర్థంకానిది ఏమీ లేదు. కృష్ణలో నీళ్లు తోడి, పటిక వేసి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి పంపే విద్య మనకు కొత్త కాదు. గుంటూరుకు ఉండవల్లి దగ్గర తోడిన కృష్ణ నీళ్లు తక్కెళ్లపాడు మీదుగా వస్తాయి. విజయవాడకు విద్యాధరపురంలో కె.ఎల్.రావు గారి పేరు మీద హెడ్ వాటర్ వర్క్స్ ఉంది. ఫిల్టర్ బెడ్లు దాటి బయటికొచ్చేటప్పుడు ఆ నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. చెడేది ఆ తర్వాతే.

పొద్దున గంట, సాయంత్రం గంట. మిగతా ఇరవై రెండు గంటలూ గొట్టం ఖాళీ. ఖాళీ గొట్టం ఊరికే ఉండదు. లోపల ప్రెషర్ ఉన్నంతసేపు చిల్లు పడ్డచోట నీళ్లు బయటికి చిమ్ముతాయి. వాల్వు కట్టేసి ప్రెషర్ పడిపోగానే ఆ చిల్లులోంచే బయటి తడి లోపలికి దిగుతుంది. మన పేటల్లో బయటి తడి అంటే ఏమిటో విడమరిచి చెప్పాలా? సైడు కాలువ, పొంగే మ్యాన్‌హోల్, మరుగుదొడ్డి గుంట. కుళాయి గుంటలో నిలిచిన మడ్డి కూడా వెనక్కే పోతుంది. ఇక నీళ్లొదిలిన ఆ గంటలో వీధి మొదట్లో ఇళ్లవాళ్లు కుళాయికి నేరుగా మోటారు తగిలిస్తారు. మోటారుకు మంచినీళ్లని, మురుగని తేడా ఉండదు, ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి లాగుతుంది. చిట్టచివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన భారత ప్రమాణాల్లో రాసుకున్నాం. రాత్రంతా దిగిన మురుగు ముందు ఆ కాస్త క్లోరిన్ ఎంతసేపు నిలుస్తుంది?

రోజంతా గొట్టం నిండుగా ఉండటమంటే అదేదో గేటెడ్ కమ్యూనిటీ సోకు అనుకుంటాం. డబ్బున్నవాడికి దాంతో పెద్ద పనిలేదు. వాడికి సంపు ఉంది, ట్యాంకు ఉంది, వంటింట్లో మిషనుంది. గొట్టంలో ప్రెషర్ తప్ప వేరే రక్షణ లేనిది గుంటలోంచి చెంబుతో తోడుకునే మనిషికే. పేదల పేటలో ఒక్క పనే చేయగలిగితే ఏం చేయాలని నన్నడిగితే, గొట్టం ఎండనివ్వకండి అంటాను.

ఇది నా ఊహ కాదు. కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు 24 గంటల సరఫరా పెట్టారు, మిగతా ఊరికి పాత పద్ధతే ఉంచారు. నీళ్లు ఒకటే, శుద్ధి ఒకటే. పరిశోధకులు రెండు రకాల కుళాయిల దగ్గరా నీళ్లు పట్టి పరీక్షించారు. 2013లో వాళ్లు ప్రచురించిన ఫలితం చూడండి: అడపాదడపా వచ్చే కుళాయిల నమూనాల్లో దాదాపు మూడో వంతులో ఈ-కోలి దొరికింది, ఎడతెగకుండా వచ్చే కుళాయిల్లో ఒక శాతం కూడా లేదు. ఈ-కోలి అంటే నీళ్లలో మలం కలిసిందని గుర్తు. ఈ రెండు అంకెలూ తెలిశాక కూడా ఇంకో ఆర్ఓ ప్లాంటుకు కొబ్బరికాయ కొట్టడానికి చెయ్యెలా లేస్తుందో!

ఆర్ఓ మాటొచ్చింది కాబట్టి ఆ లెక్కా చూద్దాం. మా వీధిలో ఇరవై లీటర్ల టిన్ను పది రూపాయలు, కొండ మెట్లెక్కితే మోతకూలి కలిపి రెట్టింపు. పది రూపాయల లెక్కనే చూసినా వెయ్యి లీటర్లకు ఐదొందలు. రోజుకో టిన్ను అనుకుంటే నెలకు మూడొందలు, ఏడాదికి మూడువేల ఆరొందలు. ఈ డబ్బు ఏ కౌన్సిల్లోనూ చర్చకు రాదు, ఏ బడ్జెట్లోనూ కనిపించదు, కానీ పన్ను కంటే ఖచ్చితంగా వసూలవుతుంది. పాచిపనికి వెళ్లే ఆవిడా అంతే కడుతుంది, ఆవిడ పనిచేసే ఇంటి డాక్టరుగారూ అంతే కడతారు. పోనీ ఆ నీళ్లయినా భద్రమా? ఆర్ఓలో పడ్డ నీళ్లలో క్లోరిన్ మిగలదు. టిన్ను సరిగా కడగకపోతే లోపల ఏం పెరిగినా ఆపేది ఉండదు. టిన్ను అడుగున పచ్చటి పాచి చూడని ఇల్లు మన దగ్గర ఎన్ని?

ఆర్ఓ అసలే వద్దనడం లేదు. పల్నాడులో వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడు బోర్లే దిక్కయిన ఊళ్లున్నాయి. అక్కడ ఆర్ఓ కావాలి, దాన్ని నడిపే మనిషీ కావాలి. 2014 అక్టోబరు 2న రెండు రూపాయలకు ఇరవై లీటర్లంటూ మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి అలాంటి ఊళ్లకు బాగానే అక్కరకొచ్చేది, గట్టిగా పట్టుకుని ఉంటే. కృష్ణ ఒడ్డున కూర్చుని, వడగట్టిన కృష్ణ నీళ్లు గొట్టంలో వస్తుంటే, వాటిని చెడగొట్టుకుని మళ్లీ మిషన్లో పోసి, అందులో కొంత సైడు కాలువలోకి వదిలేసి, మిగిలింది కొనుక్కు తాగడం మాత్రం నాకు మింగుడుపడదు.

నేనూ టిన్ను నీళ్లే తాగుతాను, దాచేదేముంది. కమిషనర్ ఇంట్లో, ఎమ్మెల్యే ఇంట్లో, అతిసారం వార్త రాసే విలేకరి ఇంట్లో, అది చదివి వాపోయే మన ఇళ్లలో ఎక్కడా కుళాయి నీళ్లు నేరుగా తాగం. గొంతున్న వాళ్లందరం ఎప్పుడో కుళాయిని వదిలేశాం. కరెంటు రెండు గంటలు పోతే సబ్‌స్టేషన్‌కు ఎన్ని ఫోన్లు వెళ్తాయో చూడండి. కుళాయిలో రంగు నీళ్లొస్తే ఒక్క ఫోనూ పోదు, ఇంకో టిన్ను దిగుతుంది. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగినప్పుడు పీకల్లోతు నీళ్ల మధ్య మనుషులు గుక్కెడు మంచినీళ్ల కోసం డాబాల మీద నిలబడ్డారు. పడవల మీద, డ్రోన్ల మీద సీసాలు పంపారు. వరదలో సీసా ఇవ్వాల్సిందే. వరద తీసేసిన రోజు కూడా సీసాయే ఇస్తామంటేనే పేచీ.

ఇది మన రెండు ఊళ్ల గొడవే కాదు. డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్ కలిసి వేసే లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 210 కోట్ల మందికి, అంటే నలుగురిలో ఒకరికి, భద్రమైన మంచినీళ్లు లేవు. ఆ లెక్కలో 'భద్రం' అనాలంటే మూడు షరతులు: నీళ్లు ఇంటి దగ్గరే రావాలి, కావలసినప్పుడు రావాలి, కలుషితం కాకుండా రావాలి. మన పథకాలన్నీ మొదటి షరతు దగ్గరే ఆగిపోయాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లంది, కుళాయిలు లెక్కపెట్టింది. కుళాయి పెట్టడం ఫొటోకు బాగుంటుంది. రెండో షరతు లేకుండా మూడోది నిలవదని చెబితే ఫొటో ఎక్కడ తీయాలి? 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మంచినీళ్లు మానవ హక్కు అన్న తీర్మానానికి 122 దేశాలు ఓటేశాయి, మనమూ వేశాం. సంతోషం.

అవతలి వాదన నాకు తెలుసు. 24 గంటలు వదిలితే జనం వృథా చేస్తారు, గొట్టాలన్నీ మార్చాలంటే కోట్లు కావాలి, కొండ మీదికి రేయింబవళ్లు పంపింగ్ అంటే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది, ఈలోగా జనానికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా, టిన్ను ఇస్తే తప్పేంటి? డబ్బు మాట నిజమే. వృథా మాట మాత్రం తలకిందుల లెక్క. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లోనే బిరడా తీసి ఉంచుతారు, నిన్నటి డ్రమ్ము పారబోసి ఇవాళ్టివి నింపుతారు. ఆ కొండ మీద రోజూ రెండు బిందెలు సైడు కాలువలో పోస్తున్నదీ మనం 'పొదుపుగా' గంటసేపే వదిలిన నీళ్లే.

పేద దేశానికి ఇది చేతకాదనేవాళ్లు కంబోడియా రాజధాని నాంపెన్ కథ వినాలి. 1993లో యుద్ధాల్లో చితికిపోయిన ఆ ఊరి నీళ్ల సంస్థను ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు చేతిలో పెట్టారు. అప్పటికి రోజుకు పది గంటలే నీళ్లు, అదీ ఊళ్లో కొద్దిమందికే. వదిలిన నీళ్లలో 72 శాతం చిల్లుల్లోనో, దొంగ కనెక్షన్లలోనో పోయేవి. ఆయన మీటర్లు పెట్టాడు, దొంగ కనెక్షన్లిచ్చే సొంత సిబ్బందిని పట్టుకున్నాడు, పెద్దవాళ్ల బకాయిల మీద పడ్డాడు. బిల్లు కట్టని ఒక సైనికాధికారి ఇంటికి కనెక్షన్ కోయడానికి వెళ్తే తలకు తుపాకీ పెట్టారట. ఆయన వెనక్కి వెళ్లి, సాయుధ పోలీసుల్ని, విలేకరుల్ని వెంటబెట్టుకొచ్చి మరీ కోశాడు. అలా మిగిలిన డబ్బుతో పేద ఇళ్లకు కనెక్షన్ ఫీజు తగ్గించి, వాయిదాల్లో కట్టించుకున్నాడు. 2010 నాటికి నష్టం 6 శాతం దగ్గరికొచ్చింది, ఊళ్లో 24 గంటలూ తాగే నీళ్లు. 2006లో ఆయనకు మెగసెసె అవార్డు ఇచ్చారు. మన దేశంలోనే ఒడిశాలో పూరీ 2021లో కుళాయి దగ్గరే పట్టుకుని తాగొచ్చని ప్రకటించి చూపించింది. రథయాత్ర జనాన్ని మోసే ఊరు అది!

కంబోడియాలో ప్రజాస్వామ్యం అంతంతమాత్రం కదా, ఒక మొండివాడు దొరికాడు, చేశాడు అనొచ్చు. నిజమే, కానీ ఆయనకు సంస్థ డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఇచ్చారు, జవాబు చెప్పే బాధ్యత నెత్తిన పెట్టారు. నా అసలు కోపం ఇక్కడే. అదే 1993లో, జూన్ 1న, మన దేశంలో 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది. పట్టణాల మంచినీళ్లను మున్సిపాలిటీల పనుల పట్టికలో చేర్చింది, ఐదేళ్లకోసారి ఎన్నికలు పెట్టి తీరాలంది. మరి గుంటూరు నగరపాలక సంస్థకు 2010లో పాలకవర్గం గడువు తీరాక మళ్లీ ఎన్నికలెప్పుడు జరిగాయి? 2021 మార్చిలో. పదకొండేళ్లు ఊరంతా ప్రత్యేకాధికారుల చేతిలో. ఆ మధ్యలోనే, 2018లో, ఆనందపేట కుళాయిలో మురుగొచ్చింది. అప్పుడు ఆ పేటకు కార్పొరేటర్ లేడు. అర్ధరాత్రి తలుపు కొట్టి నిలదీయడానికి ఊళ్లో ఒక గుమ్మమే లేదు.

కార్పొరేటర్ ఉంటే మురుగు రాదా అంటే, వస్తుంది. కార్పొరేటర్లంటే నాకు భ్రమలేమీ లేవు. కానీ ఓటు కోసం మళ్లీ అదే వీధికి రావాల్సిన మనిషికీ, మూడేళ్లకు బదిలీ అయిపోయే మనిషికీ తేడా ఉంది. అమరావతి ఎంత ఎత్తు కట్టాలన్న దాని మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. దానికి పక్కనే ఉన్న రెండు నగరాల్లో ఏ వీధి గొట్టాన్ని ఎప్పుడు మార్చాలో తేల్చుకునే డబ్బు, అధికారం వార్డు స్థాయిలో ఎవరి దగ్గరా లేవు. (విజయవాడ మురుగంతా మోసుకుని బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ కిందికి పోతుంటే, ఆ నీళ్లే చెరువుకు పెట్టుకు తాగే డెల్టా పల్లెల గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది.)

నేనడిగేది చిన్నది. ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఒక బోర్డు: ఇవాళ ఈ వార్డులో చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత, నీళ్లు ఎన్ని గంటలొచ్చాయి. పరీక్షకు పెద్ద ల్యాబేమీ అక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే రంగు తిరుగుతుంది, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూడటమే. సున్నా వస్తే సున్నా అనే రాయాలి. ఆ అంకె పట్టుకుని అడిగేవాళ్లు పుడతారు. 2021లో గెలిచిన కౌన్సిళ్ల గడువు 2026 మార్చితో సరి. మళ్లీ పదకొండేళ్లు ఆగకుండా ఎన్నికలు పెట్టి, ఆ బోర్డు మీదే ఓటడగమనండి.

ఈ మాటే కొండ మీద ఇంటావిడతో అన్నాను. ఈసారి ఓట్లకు మెట్లెక్కి వచ్చినవాళ్లకు ఆ మొదటి బిందెలోంచి ఒక గ్లాసు ముంచి ఇవ్వమ్మా, అని. ఆవిడ బిందె చంకనెత్తుకుంటూ నవ్వింది.

"వాళ్లు సీసా తెచ్చుకుంటారండీ."