ఎండలో సింహాలు

పది రూపాయల బిళ్ల ఇస్తే మా వీధి కొట్టతను మొహం అదోలా పెట్టి "ఇది చెల్లదండీ, నోటుంటే చూడండి" అంటాడు. మొత్తం 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది, అనుమానముంటే 14440కి ఫోన్ చేయమంది కూడా. అతను మనకి చిల్లరిచ్చేటప్పుడు మాత్రం అదే బిళ్ల భేషుగ్గా చెల్లుతుంది.

అయితే మొన్న మా బాబాయికి అంటగట్టింది నిజంగానే తేడా బిళ్ల. పసుపు రింగు మీద కిరణాలున్న వైపు, మధ్యలో రూపాయి గుర్తు ఉండాలి కదా. అక్కడ సింహాలు కూర్చుని ఎండ కాగుతున్నాయి!

"టంకశాల పొరపాటురా ఇది! వీడియోల్లో ఇలాంటివి లక్షలు పలుకుతున్నాయి" అంటూ బాబాయి చింతపండు పెట్టి తోమేశాడు. (నాణేలు సేకరించేవాళ్లు చూస్తే ఏడుస్తారు. తోమితే ఉన్న విలువ కూడా పోతుంది.) ఫోటో నెట్‌లో పెట్టాడో లేదో, ఎవడో ఫోన్ చేశాడు. "రెండు లక్షలిస్తాం సార్, ముందు పదిహేను వందలు రిజిస్ట్రేషన్ కట్టండి." ఇలాంటివాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లో హెచ్చరించిందంటే, "నీకు కుళ్లు" అన్నాడు బాబాయి.

నేను భూతద్దం తెచ్చాను.

"టంకశాలలో రింగూ, మధ్య బిళ్లా రెండూ బోడివే బాబాయ్. కలిపి పెట్టి ఒకే దెబ్బకి అచ్చు కొడతారు, ఆ దెబ్బకే బిగుసుకుంటాయి. అచ్చు పడకముందు బొమ్మేది, బొరుసేది, తిరగబడ్డానికి?"

"మరి అచ్చు తప్పులే ఉండవా?"

"ఎందుకుండవు? అచ్చు పక్కకి జరిగితే బొమ్మ సగమే పడుతుంది. అచ్చు చిట్లితే బిళ్ల మీద గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. నీ బిళ్ల మీద గీతలు లోపలికి దిగాయి, చూడు."

మధ్య బిళ్ల అంచున వరసగా కటింగ్ ప్లయర్ పళ్ల గుర్తులు. సింహం చెవి దగ్గర సుత్తి సొట్ట.

"అన్నట్టు, మన సుత్తి మేడ మీదెందుకుంది?" అంది పిన్ని వంటింట్లోంచి. తొమ్మిదో క్లాసు చదివే మా తమ్ముడు మెల్లిగా గుమ్మం వైపు జరిగాడు.

పది రూపాయల బిళ్లతో ఉంగరం చేయొచ్చని వాడూ ఓ వీడియో చూశాడట. మధ్యది ఊడగొట్టి రింగు వేలికి తొడిగాడు. ఎక్కింది, దిగలేదు. సబ్బు రాసి ఎలాగో లాగాక భయమేసి, మధ్య బిళ్లని కంగారులో తిరగేసి కొట్టి, నోటు లేదని చెప్పి వీధి కొట్లో చిప్స్ కొనుక్కున్నాడు. సాయంత్రం బాబాయి అదే కొట్లో పాల ప్యాకెట్ తెచ్చాడు.

నాణేన్ని నాశనం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరమని చెప్పేసరికి వాడి మొహం పాలిపోయింది. అంతలో మళ్లీ రిజిస్ట్రేషన్ వాడి ఫోన్. బాబాయి స్పీకర్ ఆన్ చేశాడు.

"బాబూ, ఇలాంటివి ఎన్ని కావాలి? పదిహేను వందలు అడ్వాన్సు పంపండి, మావాడు ఆర్డరు మీద చేసిస్తాడు."